కడపటి గడపకు వార్త

మా మండలము పేరు పెద్దతిప్పసముద్రము. పేరులో సముద్రమున్నది గాని, అసలు సముద్రము ఇచ్చటికి ఎన్నో ఆమడల దూరమున నున్నది. పెద్ద చెరువునకు సముద్రమని పేరు పెట్టుట రాయలసీమలో పూర్వులనాటి వాడుక. అనంతపురము ప్రక్కనున్న బుక్కరాయసముద్రము అట్టి పేరే. వాన చినుకునకై ఆకాశమువంక చూచి చూచి బ్రతికిన నేల గనుకనే, చెరువు నిండిననాడు ఆ నీటిని చూచి మనవారు సముద్రమని మురిసిపోయిరి కాబోలు.

ఇట్టి మెట్టసీమలో ఆపద ఒకే రూపమున రాదు. కరవు చడిచప్పుడు లేక వచ్చి ఏండ్ల తరబడి కూర్చుండును. వరద ఒక్క రాత్రిలో వచ్చి తెల్లవారుసరికి కట్టను తెంపి పోవును. పిడుగు రెప్పపాటులో గొఱ్ఱెల కాపరిని చెట్టుక్రిందనే కూల్చును. ఈ మూడింటికి మందు ఒక్కటి కాదు. అయినను మూడింటియందును మొట్టమొదట కావలసినది ఒక్కటే, అది వార్త. వార్త ముందుగా అందినవాడు గొడ్డును విప్పుకొని మెరకకు పోగలడు. అందనివాడు నీటిలో మేల్కొనును.

నేడు ఆ వార్తను మోయునది అంతర్జాలము. ఆపత్సమయమున అది మనకు ఎంతవరకు అక్కరకు వచ్చినది, ఎచ్చట ఆగిపోవుచున్నది, ఆగినచోట మనము చేయవలసినదేమి అను విషయమును మా సీమ అనుభవముతో ఉపాధ్యాయులకును విద్యార్థులకును మనవి చేయుట ఈ వ్యాసమున నా ఉద్దేశము.

తప్పెట, తంతి, రేడియో

పూర్వము ఊరికి వార్తను మోసినవాడు తలారి. అతడు తప్పెట కొట్టుచు వీథివీథి తిరిగి చాటెడివాడు. చెరువుకట్టకు గండి పడబోవుచున్నదన్నను, ఊరికి రోగము సోకినదన్నను ఆ తప్పెట మ్రోతయే మొదట వినబడెడిది. ఆ చాటింపునకు ఒక గొప్ప గుణముండెను. అది చదువు వచ్చినవానికి, రానివానికి, కలవానికి, లేనివానికి సమానముగా చెవిని పడెడిది. ఊరి వెలుపలి వాడలో నివసింపవలసివచ్చిన మనిషియే ఊరిలోని ప్రతి గడపకును వార్త మోసెను. అతనికి ఊరు చేసిన మర్యాద మాత్రము అంతంతమాత్రమే.

తరువాత తంతి వచ్చినది. తంతి వచ్చినదన్నచో ఇంటిల్లిపాది గుండె ఝల్లుమనెడిది. ఆ కాగితములోని ఆంగ్లపు ముక్కలను చదువగలవారు ఊరిలో ఒకరిద్దరే యుండిరి. నా చిన్ననాట మా ఊరిలో ఆ పని ఐవారిది. మా ప్రాంతమున బడిపంతులను ఐవారనియే పిలుతురు. ఆయన తంతిని ముందు తాను మౌనముగా చదువుకొనెడివారు. కళ్లద్దములు తీసి పంచెకొంగుతో తుడుచుకొనెడివారు. తెచ్చినవారిని కూర్చుండుమని, చెంబుతో మంచినీళ్లు తెప్పించి, పిమ్మట చెప్పెడివారు. అది మాటకు మాట పెట్టిన అనువాదము మాత్రమే కాదని నాకిప్పుడు తెలియుచున్నది. 2013 జూలైలో మన దేశమున తంతి సేవ ముగిసినది. ఐవారు అంతకు చాలముందే వెళ్లిపోయిరి.

పంచాయతీ కార్యాలయమున ఒక రేడియో యుండెను. సాయంకాలము వేపచెట్టు క్రింద ఊరు కూర్చుండి వినెడిది. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినపుడు నేను ప్రాథమిక పాఠశాలలో చదువుచుంటిని. ఉప్పెన యను మాట మెట్టసీమ పిల్లలమగు మాకు తెలియదు. ఐవారు మరునాడు బడిలో, "మన చెరువు లేచి నిలబడి, ఊరిమీదికి నడిచి వచ్చినట్లు అనుకోండి" అని చెప్పిరి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. వార్త ఒకటి, దానిని తెలిసిన మాటలలో చెప్పువారొకరు. ఈ రెండును కలిసిననే గాని తెలివిడి కలుగదని ఆనాడే నేర్చుకొంటిని.

హెచ్చరిక పుట్టుట వేరు, చేరుట వేరు

తుపాను హెచ్చరికల చరిత్రలో మన తీరమునకు పెద్ద పాలున్నది. 1864 నవంబరు 1న మచిలీపట్టణమును తాకిన తుపానులో సుమారు 30 వేలమంది మరణించిరి. అదే సంవత్సరము అక్టోబరులో కలకత్తా మరియొక తుపానుచే నలిగినది. ఈ అనుభవములును, తరువాత వచ్చిన కరవులును ప్రేరేపింపగా 1875లో భారత వాతావరణ శాఖ యేర్పడినది.

శాఖ యేర్పడిన 102 ఏండ్లకు దివిసీమ మునిగెను. సముద్రమున తుపాను లేచినదని శాస్త్రజ్ఞులకు తెలియకపోలేదు. తెలిసినది గుడిసెవరకు చేరలేదు. చేరినచోట దాని తీవ్రత జనులకు బోధపడలేదు. పదివేలమందికి పైగా ప్రాణములు పోయినవి. ఆ తరువాతనే తీరమున తుపాను ఆశ్రయ గృహములు విరివిగా లేచినవి. 1980వ దశకమున ఇన్‌శాట్ ఉపగ్రహముద్వారా హెచ్చరికను తీరగ్రామములకు నేరుగా వినిపించు ఏర్పాటు జరిగినది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును మోదినపుడు ముందే ప్రజలను పెద్ద సంఖ్యలో తరలించిరి. ప్రాణనష్టము మన రాష్ట్రమున పదుల సంఖ్యలో ఆగినది. పదివేలనుండి పదులకు దిగిన ఈ తేడాను చూచినచో వార్త విలువ యెంతటిదో వేరుగా చెప్పనక్కరలేదు.

కుప్పము నేర్పిన పాఠము

అంతర్జాలము పట్టణములకే పరిమితమైయున్న కాలమున, మా ఉమ్మడి చిత్తూరు జిల్లాలోనే రెండు ప్రయత్నములు జరిగినవని నేటి విద్యార్థులలో ఎందరికి తెలియును? మొదటిది అరగొండలో. 2000 మార్చిలో అచ్చటి అపోలో ఆసుపత్రిని ఉపగ్రహముద్వారా పట్టణములోని వైద్యులతో కలిపిరి. గ్రామీణ రోగిని దూరమునుండియే నిపుణుడు పరీక్షించు ఆ దూరవైద్య కేంద్రమును, హైదరాబాదు వచ్చిన అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ ప్రారంభించెను.

రెండవది కుప్పములో. 2002లో హ్యూలెట్ పాకార్డ్ సంస్థయు రాష్ట్ర ప్రభుత్వమును కలిసి అచ్చట 'ఐ-కమ్యూనిటీ' యను పేర మూడేండ్ల ప్రయోగము నారంభించిరి. తెలుగు, కన్నడము, తమిళము మూడును ఒకే వీథిలో వినబడు సరిహద్దు ప్రాంతమది. గ్రామములలో సమాచార కేంద్రములు తెరచి, వానిని నడుపు పనిని స్థానికులకే అప్పగించిరి. కంప్యూటర్లు అమర్చిన బండి ఒకటి పల్లెలు తిరిగెను. నాకు మిక్కిలి నచ్చినది మరియొకటి కలదు. పొదుపు సంఘముల స్త్రీలు కొందరికి డిజిటల్ కెమెరాను, సౌరశక్తితో నడచు చిన్న ముద్రణ యంత్రమును ఇచ్చి, ఛాయాచిత్రములు తీయుట నేర్పిరి. విద్యుత్తుతో పనిలేక, పట్నము పోవు పనిలేక, పల్లెటూరి స్త్రీ పల్లెలోనే నిలబడి చిత్రము తీసి, అచ్చువేసి, రూకలు సంపాదించినది.

ఆనాటి యంత్రములు నేడు మూలబడియుండును. రెండు దశాబ్దములకు పైబడిన కంప్యూటరు ఎవరికి పనికివచ్చును? అయినను యంత్రమును చేతబట్టి, అది తెలియనివారికి దాని ఫలమును పంచిపెట్టు మనిషి ఊరిలోనే యుండవలెనన్న పాఠము పాతబడలేదు. యంత్రము ఊరికి వచ్చినంతమాత్రమున అందరికిని అందినట్లు కాదు.

ఆ పిమ్మట మార్పు వేగముగా వచ్చినది. 2015లో ఏర్పడిన రాష్ట్ర ఫైబర్‌నెట్ సంస్థ గాజుతీగలను నేలలో పాతుటకు మారుగా కరెంటు స్తంభములమీదుగా పల్లెలకు తెచ్చినది. 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయములు మొదలైనవి. అయినను 2020లో మహమ్మారి వచ్చి బడులు మూతపడినపుడు లోటు బయటపడినది. నేను తెరముందు కూర్చుండి పద్యము చదువుచుంటిని. తరగతిలో సగము పేర్లు తెరపై కనబడలేదు. కొండలమధ్యనున్న పల్లెలకు టవరు అందదు. పిల్లలు గుట్ట యెక్కి వినవలసినదే. ఒక విద్యార్థిని ఇంటిలో నున్నది ఒక్క ఫోను. దానిని తండ్రి తెల్లవారుజామున మదనపల్లె టమోటా మండీకి తీసికొనిపోవును. ధర తెలియుటకు ఆయనకది కావలెను. పాఠమునకు ఆమెకది కావలెను. వారిలో ఎవరిది తప్పు? "ఆ ఇంటికి అంతర్జాలము కలదు" అని లెక్కలలో వ్రాసికొనుట సులభము. ఆ అమ్మాయికి మాత్రమది లేదు.

కార్తీక పౌర్ణమి రాత్రి

2021 నవంబరు మాసము రాయలసీమ మరువరానిది. బాహుదా, పింఛా నదులు కలిసి చెయ్యేరగును. బాహుదాపై ప్రాజెక్టు మదనపల్లె సమీపమున నిమ్మనపల్లె మండలములో నున్నది. ఏటిలో ఇసుక తప్ప నీరు కనబడని ఏండ్లే మాకెక్కువ. అట్టి ఏరు ఆ నవంబరు 19వ తేదీ తెల్లవారుసరికి రాజంపేట దగ్గరి అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్టను తెంపినది. పులపుత్తూరు, మందపల్లి, తొగురుపేట మున్నగు ఊళ్లపై నీరు విరుచుకొనిపడినది. కార్తీక పౌర్ణమికి శివాలయములలో దీపములు పెట్టవచ్చినవారు కూడ ఆ నీటిలో చిక్కిరి. తగిన హెచ్చరిక అందలేదని బాధితులనేకులు వాపోయిరి. మరియొకవంక, ప్రాజెక్టులో పనిచేయు ఒక చిరుద్యోగి రాత్రివేళ ఫోనుమీద ఊరివారిని హెచ్చరించి అనేకులను మేల్కొలిపెనని పత్రికలు వ్రాసినవి. నాటి రాత్రి అతని చేతిలోని ఫోను ఆ ఊరికి తప్పెట అయినది.

ఆ రాత్రి నేనెచ్చట నుంటినో చెప్పక తప్పదు. పండుగకని మా స్వగ్రామమునకు వచ్చియుంటిని. సాయంకాలమే మా అధ్యాపకుల వాట్సాప్ బృందములో భారీ వర్షసూచన వచ్చినది. దానిని నేను వెంటనే మరి నాలుగు బృందములకు పంపితిని. ఏదో మేలు చేసితినని తృప్తిగా నిద్రించితిని. మా ఇంటికి ఇరువది అడుగుల దూరమున ఒక అవ్వ మట్టిగోడల ఇంటిలో ఒంటరిగా నుండును. ఆమెకు ఫోను లేదు. రాత్రి రెండు గంటల వేళ ఆమె ఇంటి పడమటి గోడ కూలినది. అవ్వ మేకపిల్ల అరచుచున్నదని లేచి వాకిటికి వచ్చియుండుటచే ప్రాణము దక్కినది. మేకపిల్ల దక్కలేదు.

తెల్లవారి పోయి పలకరింపగా ఆమె నన్ను తిట్టలేదు. "ఫోన్లో ముందే వచ్చిండెనంట గదా నాయనా! ఒక్క కేక ఏసింటే సాలు గదప్పా" అని మాత్రమన్నది. ఆ సందేశము నా చేతినుండి హైదరాబాదునకు, బెంగుళూరునకు, కువైట్‌లోని మా ఊరి కుర్రవాండ్రకు పోయినది. ఇరువది అడుగులు నడచి ఆమె గడపకు పోలేదు.

తీగ తెగిననాడు

ఇంకొక సంగతి కూడ విద్యార్థులు గ్రహింపవలెను. ఫోను పనిచేయవలెనన్నచో టవరు నిలిచియుండవలెను. టవరునకు విద్యుత్తు కావలెను. విద్యుత్తు పోయినచో కొన్ని గంటలు బ్యాటరీ, ఆపై డీజిలు యంత్రము కాపాడును. దారి తెగి డీజిలు రానిచో టవరు మూగపోవును. స్తంభములమీద వచ్చిన గాజుతీగ స్తంభముతోపాటు నేల కూలును. హుద్‌హుద్ నాడు విశాఖపట్టణమంతటి మహానగరమే బయటి ప్రపంచముతో మాటలు తెగి చీకటిలో నుండిపోయెను. అనగా సాధనము మిక్కిలి అవసరమైన గడియలోనే చేజారవచ్చును.

అట్టి గడియలో అక్కరకు వచ్చునది పాత విద్యయే. హైదరాబాదులో 1983లో స్థాపితమైన జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ ఇందుకు తార్కాణము. ఆ సంస్థకు చెందిన భారతీ ప్రసాద్ బృందము 2004 డిసెంబరులో అండమానుకు రేడియో ప్రయోగములకై వెళ్లియుండెను. 26వ తేదీన సునామీ వచ్చి ద్వీపముల ఫోనులు మూగపోయినవి. వినోదమునకు తెచ్చుకొన్న రేడియోలతోనే వారు పోర్ట్‌బ్లెయిర్‌నుండి క్షేమసమాచారములను ప్రధాన భూభాగమునకు అందజేసిరి. ఒక బ్యాటరీ, ఒక తీగ, నేర్చినవాడొక్కడు ఉన్నచో చాలును. ప్రభుత్వ పరీక్షలో కృతార్థులై అనుమతి పొందినవారెవరైనను ఈ విద్యను అభ్యసింపవచ్చును. మన విజ్ఞానశాస్త్ర ఉపాధ్యాయులు దీనివంక దృష్టి సారింపదగును.

తెలియని మాటలో వచ్చిన హెచ్చరిక

2010 జనవరి 12న హైతీ దేశములో ఘోరమైన భూకంపము వచ్చినది. శిథిలములనుండి జనులు 4636 అను సంఖ్యకు ఫోను సందేశములు పంపిరి. సందేశములు వారి క్రియోల్ భాషలో నున్నవి. సహాయమునకు వచ్చిన విదేశీయులకు ఆ భాష రాదు. అప్పుడు ఇతర దేశములందు స్థిరపడిన హైతీ ప్రజలు వేలకొలది మైళ్ల దూరమున కూర్చుండి, ఆ మాటలను ఆంగ్లమునకు మార్చి, వీథుల గుర్తులు తెలిపిరి. ఆ వివరములను పటముపై గుర్తించుటకు తోడ్పడిన సాధనము పేరు 'ఉషాహిది'. 2008లో కెన్యా దేశమున పుట్టిన ఆ పేరునకు స్వాహిలీ భాషలో సాక్ష్యమని అర్థము. 2015 చెన్నై వరదలలోను, 2018 కేరళ వరదలలోను మన యువకులు ఇట్టి పటములనే, పట్టికలనే అంతర్జాలమున నిర్మించి చిక్కినవారిని రక్షకులతో కలిపిరి. ఇందు ప్రతిచోటను యంత్రమునకు జీవము పోసినది ఆ నేల భాష తెలిసిన మనిషి.

మన హెచ్చరికల భాష ఎట్లున్నది? "ఆరెంజ్ అలర్ట్" అని చదువుదుము. పసుపు రంగునకు గమనించుచుండుడని, నారింజ రంగునకు సిద్ధముగా నుండుడని, ఎరుపునకు వెంటనే కదలుడని వాతావరణ శాఖ భావము. 24 గంటలలో 204.4 మిల్లీమీటర్లకు మించి కురిసినచో దానిని అత్యంత భారీ వర్షమందురు. శాస్త్రమునకు ఈ కొలతలు కావలసినవే. కాని మా రైతునకు తెలిసిన కొలత పదును. పదును వాన పడినదన్నచో అతనికి అర్థమగును, మిల్లీమీటరన్నచో కాదు. "ఈ రాత్రి కురియు వానకు చెరువు కట్ట ఆగదు, పిల్లలను, గొడ్లను తీసికొని బడికి పొండి" అని చెప్పినచో ముసలివారు సైతము లేచి కదలుదురు. తెలుగు బోధించువానిగా నా మనవి యేమనగా, హెచ్చరికలోని తెలుగు వ్యాకరణశుద్ధముగా నున్నచో చాలదు, ప్రాణమును కదలించునట్లుండవలెను.

బడి చేయదగిన పని

సాధనములు నానాటికి పెరుగుచున్నవి. పూణెలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ సిద్ధపరచిన 'దామిని' యాప్ పిడుగు భయమును ముందే తెలుపును. ఫోను సంఖ్యతో నిమిత్తము లేక, ఒక టవరు పరిధిలోనున్న ఫోనులన్నిటిలోను ఒక్కమారుగా మ్రోగు హెచ్చరికను 2023లో దేశమంతట పరీక్షించిరి. మనలో పలువురము ఆ మ్రోతకు ఉలికిపడితిమి. ఇవి యన్నియు మంచివి. కాని గొఱ్ఱెల కాపరి చేతిలో దామిని లేదు. అవ్వ గూటిలో ఏ ఫోనును మ్రోగదు.

ఈ మిగిలిన కొద్ది దూరమును ఏ ఉపగ్రహమును దాటింపలేదు. దానిని బడి దాటింపగలదు. ప్రతి వీథినుండి బడికి వచ్చు పిల్లలున్నారు. తమ వీథిలో ఫోను లేనివారెవరు, ఒంటరి వృద్ధులెవరు, నడువలేనివారెవరు, గోడ బలహీనమైన ఇండ్లెవ్వి అని పిల్లలచేత ఒక పటము గీయింపవచ్చును. భూగోళ పాఠమునకు ఇంతకంటె మంచి అభ్యాసమేది? ఆంగ్లమున వచ్చిన హెచ్చరికను తమ ఊరి తెలుగులో నాలుగు వాక్యములుగా వ్రాయింపవచ్చును. సరిహద్దు పల్లెలలో కన్నడము, తమిళము వచ్చిన పిల్లలచేత ఆ భాషలలోను చెప్పింపవచ్చును. నిజమైన సూచననుండి పుకారును వేరుచేయుట, ఎవరు పంపిరో చూడక ముందుకు నెట్టకుండుట నేర్పవచ్చును. ఎవరి గడపకు ఏ పెద్దవాడు పోవలెనో ముందే నిశ్చయించుకొనవచ్చును. పిల్లలను రాత్రివేళ వానలోనికి పంపుమని నేననుట లేదు. వారు గీసిన పటమును పెద్దల చేతికిచ్చినచో చాలును. వీనికి కావలసినది ఒక అట్ట, నాలుగు రంగు పెన్సిళ్లు, ఒక ఐవారు.

ఆనాటి తలారికి తప్పెట యుండెను, ఐవారికి కళ్లద్దములుండెను, నేడు మనకు ఫోనున్నది. మొదటి ఇద్దరును తమ చేతిలోని సాధనముతో ఆగక గడపవరకు నడచిరి. ఆ నడకను మనము మరచితిమి.

అవ్వ ఇంటి గోడను ఊరివారు కలిసి మరల కట్టిరి. ఆమె మరియొక మేకపిల్లను పెంచుచున్నది. మొన్నటి వానలలో ఫోను మ్రోగగా, బృందములకు పంపుటకు ముందు గొడుగు తీసికొని బయలుదేరితిని. నేను పోవుసరికే ఆమె వాకిట లాంతరు వెలుగుచున్నది. ఎదురింటి తొమ్మిదవ తరగతి పిల్లవాని తండ్రి మేకపిల్లను ఎత్తుకొని, అవ్వను తన ఇంటికి నడిపించుకొని పోవుచుండెను. నాకంటె ముందు వార్త చేరినందులకు నాకెంతయో సంతోషమైనది.